ఎరువు వేయని తోట
తలకోన పాత అడవిలో రైతుకు ఎనిమిది పాఠాలు

దున్నేవాడు లేడు. విత్తేవాడు లేడు. ఒక్క బస్తా యూరియా వేసిన పాపాన ఎవరూ పోలేదు. బోరు లేదు, డ్రిప్పు లేదు. అయినా ఏటా చిగురు వేస్తుంది, పూస్తుంది, కాస్తుంది. వందల ఏళ్ళుగా దిగుబడి తగ్గలేదు. అదీ అడవి.

మన మెట్ట చేను సంగతి చూద్దాం. ఏటా దున్నుతున్నాం, ఎరువులు పెంచుతున్నాం. నేల మాత్రం ఏటికేడు గట్టిపడుతోంది. పెద్ద వాన కురిస్తే నీళ్ళు ఎర్రగా వంక దారి పడతాయి. పది రోజులు వాన లేకపోతే పైరు వాడిపోతుంది. అదే వాన, అదే ఎండ, చాలాచోట్ల అదే మట్టి. మరి తేడా ఎక్కడుంది?

పుస్తకంలో చదివితే ఈ తేడా సగమే తెలుస్తుంది. కళ్ళతో చూస్తే పూర్తిగా తెలుస్తుంది. చూడటానికి చిత్తూరు, కడప రైతులు దూరం పోనక్కర లేదు. తలకోన ఉంది.

ఎక్కడుంది, ఎలా పోవాలి?

తలకోన పూర్వపు చిత్తూరు జిల్లా ఎర్రావారిపాళెం మండలంలో, శేషాచలం కొండల్లో ఉంది. తిరుపతి నుంచి 50 కిలోమీటర్లకు పైచిలుకు. తిరుపతి - పీలేరు దారిలో భాకరాపేట దాకా వచ్చి, అక్కడి నుంచి నెరబైలు మీదుగా పోవాలి. కోనలో సిద్ధేశ్వరస్వామి గుడి ఉంది. ఆ పైన సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి దూకే జలపాతం. శేషాచలం కొండలకు ఇది తల లాంటిది కాబట్టి తలకోన అన్నారని ఆ పక్క జనం చెబుతారు.

ఇది శ్రీవెంకటేశ్వర జాతీయ పార్కులో భాగం. ఈ పార్కును 1989లో ఏర్పాటు చేశారు. విస్తీర్ణం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 2010లో శేషాచలం కొండలను జీవావరణ రిజర్వుగా కూడా ప్రకటించారు.

జనం ఎక్కువగా జలపాతం కోసం పోతారు. తడిసి, ఫోటోలు దిగి, తిరిగొస్తారు. దారి పొడుగునా ఉన్న అడవిని చూసేవాళ్ళు తక్కువ. మన పాఠం మాత్రం ఆ దారిలోనే ఉంది. గుడి దాకా వాహనాలు వస్తాయి. అక్కడి నుంచి వంక పక్కగా, నీడలో సాగే దారి పెద్ద కష్టమైంది కాదు. జలపాతం దగ్గరికి వచ్చేసరికి మెట్లు, రాళ్ళు తగులుతాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు అక్కడిదాకా పోకపోయినా నష్టం లేదు. కింది దారిలో గంటసేపు నిదానంగా నడిస్తే చాలు. కింద చెప్పిన ఎనిమిదింటిలో చాలావరకు అక్కడే కనబడతాయి.

పాత అడవి అంటే ఏమిటి?

నాటిన సరుగుడు తోట, నీలగిరి తోట కూడా దూరం నుంచి అడవిలాగే ఉంటాయి. కానీ అక్కడ చెట్లన్నీ ఒకే ఈడువి, ఒకే జాతివి, ఒకే ఎత్తువి. పాత అడవికి గుర్తులు వేరు. ముసలి మాను పక్కనే నడివయసు చెట్టు ఉంటుంది, దాని కిందే నిన్న మొన్న మొలిచిన మొక్క ఉంటుంది. ఎండి నిలబడ్డ మోడులుంటాయి. పడిపోయి కుళ్ళుతున్న దుంగలుంటాయి. పెద్ద మాను పడిన చోట ఆకాశం కనబడుతుంది, ఆ వెలుతురులో కొత్త మొక్కలు పోటీపడి లేస్తుంటాయి. లావుపాటి తీగలు ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి పాకుతాయి.

మన వేడి ప్రాంతపు చెట్లలో చాలావాటికి ఏడాదికో వలయం స్పష్టంగా పడదు. కాబట్టి మాను లావు చూసి ఇన్నేళ్ళని గట్టిగా చెప్పలేం. ఆ లెక్క మనకు అవసరం కూడా లేదు. పై గుర్తులు కనబడితే ఆ నేల చాలాకాలంగా చెదరలేదని అర్థం. ఇక నడుద్దాం.

1. నేల మీద దుప్పటి

తలకోన అడవిలో ఎక్కువ భాగం ఆకు రాల్చే రకం. వంక వెంబడి మాత్రం పచ్చదనం ఏడాది పొడుగునా నిలుస్తుంది. ఎండాకాలం మొదట్లో పోతే రాలిన ఆకు కాళ్ళ కింద గలగలమంటుంది. అదే చోటికి వానలు వెనకబట్టాక పోతే ఆ ఆకు చాలావరకు కనబడదు. ఎవరూ ఊడ్చలేదు. మరి ఎక్కడికి పోయింది? చెదలు, వానపాములు, జెర్రులు, బూజు, కంటికి కనబడని సూక్ష్మజీవులు కలిసి మట్టిలో కలిపేశాయి.

దారి పక్కన ఆకుల పొరను వంగి చూడండి. పైన ఎండాకులు. వాటి కింద ముక్కలైన ఆకులు, మధ్యలో తెల్లటి దారాల్లాంటి బూజు. అడుగున నల్లటి మెత్తటి మట్టి. ఆకు ఎరువుగా మారే మూడు దశలూ జానెడు లోతులోనే ఉన్నాయి.

మన మామిడి తోటల్లో జరిగేది దీనికి తిరకాసు. ఆకు ఊడ్చి కుప్పపెట్టి నిప్పు పెడతాం. ఆకులో ఉన్న నత్రజని, గంధకం పొగలో పోతాయి. బూడిదలో మిగిలిన పొటాషు, సున్నం గాలికీ వానకీ పోతాయి. తర్వాత అదే నత్రజనిని దుకాణంలో కొంటాం.

చేయదగిన పని: మామిడి, నిమ్మ, సపోటా పాదుల్లో రాలిన ఆకు, వేరుశనగ పొట్టు, చెరకు ఆకు, ఏది దొరికితే అది 3, 4 అంగుళాల మందాన పరవండి. మొదలుకు ఆనించవద్దు, అర అడుగు వదలండి. తెగులు తగిలిన కొమ్మలు, పురుగు పట్టి రాలిన కాయలు మాత్రం ఏరేసి పూడ్చండి.

ఒక జాగ్రత్త. ఎండాకును పచ్చిగా ఉండగానే దున్ని మట్టిలో కలిపితే, దాన్ని కుళ్ళబెట్టే జీవులు మట్టిలోని నత్రజనిని తాత్కాలికంగా వాడేసుకుంటాయి. పైరు పసుపుపచ్చగా మారుతుంది. ఎండాకును పైన పరచాలి, లేదా పేడ కలిపి కంపోస్టు చేసి వేయాలి. కానుగ, జీలుగ, జనుము లాంటి పచ్చి ఆకును దున్నితే ఈ బాధ ఉండదు.

2. వాన చుక్క నడక

చేలో వాన చుక్క నేరుగా మట్టిని కొడుతుంది. ఆ దెబ్బకు మట్టి గడ్డ పగిలి పొడి అవుతుంది. ఆ పొడి సందుల్ని పూడ్చేస్తుంది. వాన వెలిశాక నేల మీద పలచటి పెచ్చు కడుతుంది. ఇక తర్వాతి వాన లోపలికి దిగదు, పక్కకు పారుతుంది.

అడవిలో చుక్క ముందు పై కొమ్మ మీద పడుతుంది. అక్కడి నుంచి కింది పొద మీదికి, అక్కడి నుంచి ఆకుల పరుపు మీదికి జారుతుంది. నేలను చేరేసరికి దాని దూకుడు తగ్గిపోతుంది. నేలలో పాత వేళ్ళు కుళ్ళి ఏర్పడిన గొట్టాలు, చెదలు, వానపాములు చేసిన బొరియలు ఉంటాయి. నీళ్ళు వాటిలోకి దిగిపోతాయి. ఇక్కడి కొండలు పలుగురాయి జాతి గట్టి రాయి. ఆ రాతి పగుళ్ళలోకి దిగిన నీళ్ళే వాన వెలిసిన చాలా రోజులకు కూడా ఊటలుగా బయటికి వస్తాయి.

దీన్ని రూపాయల్లో కాకపోయినా లీటర్లలో లెక్కేద్దాం. ఎకరం మీద ఒక అంగుళం వాన కురిస్తే సుమారు లక్ష లీటర్లు. అందులో సగం పారిపోయిందనుకోండి, 50 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు పది. ఒక్క వానకు, ఒక్క ఎకరంలో, పది ట్యాంకర్లు గట్టు దాటిపోతున్నాయి. పోతూ పోతూ పై మట్టిని కూడా తీసుకుపోతాయి. ఒక సెంటీమీటరు పై మట్టి తయారు కావడానికి వందల ఏళ్ళు పడుతుంది.

చేయదగిన పని: వాలుకు అడ్డంగా దున్నండి, అడ్డంగానే విత్తండి. తొలకరికి ముందే నేలమీద ఏదో ఒక పచ్చదనం ఉండేలా చూడండి. రాష్ట్రంలో 2016 నుంచి సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో వానలకు ముందే పలు రకాల గింజలు కలిపి పొడి దుక్కిలో చల్లే పద్ధతి చెబుతున్నారు. దాని వెనకున్న ఆలోచన ఇదే. నేల ఒంటిమీద బట్ట ఉండాలి.

3. ఎండను పంచుకునే అంతస్తులు

దారిలో ఒకచోట నిలబడి తల పైకెత్తి నిదానంగా కిందికి దించండి. పైన మద్ది, అడవిమామిడి లాంటి పెద్ద మానులు. వాటి కింద మధ్య చెట్లు. ఆ కింద పొదలు. నేలమీద గడ్డి, దుంపలు. పై అంతస్తు వదిలిన వెలుతురును కింది అంతస్తు వాడుకుంటోంది. వేళ్ళు కూడా అంతే, కొన్ని పైపైన, కొన్ని లోతున.

మామిడిని పది మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 40 మొక్కలు. మొదటి అయిదారేళ్ళు ఆ నలభై మొక్కలూ ఎండలో కొద్ది భాగమే వాడుకుంటాయి. మిగతాదంతా ఖాళీ నేలను కాల్చడానికే. ఆ సందులో వేరుశనగ, అలసంద, ఉలవ, పెసర వేసుకోవచ్చు. చెట్లు కమ్ముకున్నాక ఆ పైర్లు రావు. అప్పుడు నీడను ఓర్చే పసుపు, అల్లం, కంద వైపు చూడాలి, అదీ నీటి వసతి ఉంటేనే.

అడవిలో ఉన్నట్టు గుబురుగా పెంచితే మంచిదేమో అనుకోవద్దు. మామిడిలో గాలి, వెలుతురు ఆడకపోతే తేనెమంచు పురుగు, బూడిద తెగులు పెరుగుతాయి. అడవికి ఆకు ముఖ్యం, మనకు కాయ ముఖ్యం. కొమ్మ కత్తిరింపు మానకూడదు.

4. వంక గట్టున తెల్లమద్ది

నీటి పక్కన తెల్లటి, నున్నటి బెరడుతో ఎత్తుగా నిలబడేది తెల్లమద్ది. ఏరుమద్ది అని కూడా అంటారు. బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. దాని వేళ్ళు చూడండి. గట్టును పిడికిలి బిగించి పట్టుకున్నట్టుంటాయి. వరద వచ్చినా గట్టు కోసుకుపోదు. దసలి పట్టు పురుగుకు ఈ ఆకు మేత. బెరడును నాటు వైద్యంలో వాడతారు.

చేయదగిన పని: మీ పొలం పక్క వంక గట్టును చదును చేసి నాలుగు సాళ్ళు కలుపుకోవాలని చూడకండి. ఆ నాలుగు సాళ్ళ కోసం పెద్ద వానకు నలభై సాళ్ళు పోగొట్టుకున్న పొలాలు కొండ వారన చాలా ఉన్నాయి. వంక వారన మద్ది, కానుగ, నేరేడు, వెదురు ఉంచండి. లేకపోతే నాటండి. పొలం గట్ల మీద గడ్డి ఉండనివ్వండి, దాన్ని పశువులకు కోసుకోవచ్చు.

5. బీద నేలలో ఎర్రచందనం

కోనలోంచి పక్క వాలుల మీదికి చూపు తిప్పితే అడవి మారిపోతుంది. అక్కడ మట్టి తక్కువ, రాయి ఎక్కువ. ఆ రాళ్ళలో నిలబడి ఉండేది ఎర్రచందనం. బెరడు మొసలి వీపులా గళ్ళు గళ్ళుగా పగిలి ఉంటుంది. ఆకు గుండ్రంగా, మూడేసి కలిసి ఉంటుంది. సహజంగా ఈ చెట్టు పెరిగేది కడప, చిత్తూరు, నెల్లూరు చుట్టుపక్కల కొండల్లోనే. దొంగ నరుకుడుకు బలై తగ్గిపోతోందని 1995లోనే దీన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం జాబితాలో చేర్చారు.

రైతుకు ఇక్కడ రెండు విషయాలు. ఒకటి, చెట్టుకు తగిన నేల. ఎర్రచందనం నీరు నిలవని రాతి నేలను కోరుతుంది. మద్ది నీటి ఒడ్డును కోరుతుంది. ఒకదాని చోట ఇంకోటి పెడితే రెండూ దెబ్బతింటాయి. పక్క రైతుకు లాభం వచ్చిందని మన నేలకు నప్పని పంటను తెచ్చి పెట్టుకోవడం ఇలాంటిదే.

రెండు, ఓపిక. ఎర్రచందనం నిదానంగా ఎదుగుతుంది. ఎరుపు చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. పట్టా భూమిలో పెంచుకోవచ్చు కానీ నరకాలన్నా, తరలించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. నాటేటప్పుడే రికార్డుల్లో రాయించుకోవాలి. కొద్ది ఏళ్ళలో కోట్లు వస్తాయని మొక్కలు అంటగట్టేవాళ్ళ మాట నమ్మి ఉన్న పంట తీసేయకండి. గట్ల మీద, సాగుకు పనికిరాని రాతి చెక్కలో పెట్టుకుంటే పిల్లలకు పనికొస్తుంది.

6. గిల్లతీగ, పప్పుజాతి బంధువులు

తలకోన దారిలో తప్పక చూడాల్సింది గిల్లతీగ. పేరుకే తీగ. మొదలు మనిషి నడుమంత లావు ఉంటుంది. పామును మెలిపెట్టినట్టు తిరిగి, చెట్టు మీంచి చెట్టు మీదికి ఎక్కిపోతుంది. దీని కాయ మూరెడు దాటి రెండు మూరల దాకా కూడా సాగుతుంది. లోపల అరచేతిలో పట్టే నున్నటి గోధుమరంగు గింజలు.

అంత పెద్ద తీగా మన చిక్కుడు కుటుంబానిదే. ఎర్రచందనం కూడా అదే కుటుంబం. కానుగ, చింత, కంది, వేరుశనగ అన్నీ చుట్టాలే. ఈ కుటుంబంలో చాలావాటి వేళ్ళకు చిన్న బుడిపెలుంటాయి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకిస్తాయి. చెట్టు ఆకు రాల్చినప్పుడు అది నేలకు చేరుతుంది. చుట్టూ ఉన్న మిగతా చెట్లకు కూడా అందులో వాటా దక్కుతుంది. అడవికి యూరియా బస్తా అవసరం లేకపోవడానికి ఇదొక కారణం.

చేయదగిన పని: గట్ల మీద మీటరుకొకటి చొప్పున గ్లైరిసిడియా కొమ్మలు నాటండి. తొలి వానల్లో గుచ్చితే బతుకుతాయి. రెండో ఏటి నుంచి ఏటా రెండు మూడుసార్లు కొమ్మ కోసి పాదుల్లో వేయవచ్చు. దాని ఎండాకులో నత్రజని వంద కిలోలకు రెండున్నర, మూడు కిలోల దాకా ఉంటుంది. వేరుశనగ సాళ్ళ మధ్య కంది, అలసంద వేయడం మన తాతలనాటి పద్ధతే. దాన్ని వదలవద్దు.

7. చచ్చిన మాను పని

అడవిలో ఎండిన మోడును చూసి 'కట్టెలు వృథాగా పోతున్నాయే' అనిపిస్తుంది. ఆ మోడు బతికినప్పుడు ఎంత పనిచేసిందో చచ్చాకా అంత పని చేస్తోంది. దాని తొర్రల్లో చిలకలు, గుడ్లగూబలు గూడు పెడతాయి. బెరడు కింద పురుగులుంటే వడ్రంగిపిట్ట వస్తుంది. కింద పడ్డ దుంగ వానకు స్పంజిలా నీళ్ళు పీల్చి ఉంచుకుంటుంది. చెదలు దాన్ని తిని మట్టి చేస్తాయి.

గుడ్లగూబను అపశకునమని తరుముతాం. రాత్రిపూట వేరుశనగ చేలో ఎలుకలు పట్టేది అదే. చేను గట్టున తొర్రలున్న ముసలి చింతమాను ఉంటే కొట్టేయకండి. పైరు మీద పిట్టలు వాలడానికి ఎకరాకు పదిదాకా కొమ్మ పంగలు పాతండి. కంది, శనగలో కాయ తొలిచే పురుగును అవి ఏరుకు తింటాయి.

చెదల విషయంలో తేడా తెలుసుకోండి. అడవిలో చెదలు మిత్రులు. వేరుశనగలో బెట్ట సమయంలో కాయకు పడతాయి. సగం కుళ్ళిన పేడ, మోళ్ళు వేసిన చేలో ఇది ఎక్కువ. బాగా మాగిన ఎరువే వేయండి.

8. కూలి అడగని పనివాళ్ళు

పెద్ద చెట్ల మీద చప్పుడైతే తల ఎత్తండి. పిల్లి కన్నా పొడుగ్గా, కుచ్చుతోకతో కొమ్మ నుంచి కొమ్మకు దూకేది బెట్టుడుత. అది పళ్ళు తిని గింజలు విసిరేస్తుంది. రాత్రి తిరిగే దేవాంగపిల్లి మనకు పగలు కనబడదు. రాళ్ళ సందుల్లో బంగారు బల్లి ఉంటుంది. ఇలా తినేవి, పంచేవి, పురుగులు పట్టేవి అన్నీ ఉంటేనే అడవి నిలుస్తుంది. ఏ ఒక్క పురుగూ అడవి మొత్తాన్ని తినేయకపోవడానికి కారణం, దాన్ని తినేది పక్కనే ఉండటం.

మామిడి పూతను ఫలదీకరణ చేసేవాటిలో ఈగలది, తేనెటీగలది ముఖ్యమైన పాత్ర. పూత విచ్చుకున్నాక మందు కొడితే చంపేది ముందు వాటినే. మందు కొట్టాల్సి వస్తే పూ మొగ్గ దశలోనే కొట్టాలి. పూర్తిగా విచ్చుకున్న పూత మీద కొట్టవద్దు.

అడవి వేరు, చేను వేరు

ఇదంతా చదివి 'అడవికి ఎరువు వేయరు కదా, నేనూ మానేస్తా' అనుకుంటే మోసపోతారు. అడవిలో పండింది అడవిలోనే రాలుతుంది. మన చేలో పండింది బస్తాలకెక్కి మార్కెట్‌కు పోతుంది. కాయతోపాటు నేలలోని సత్తువ కూడా పోతుంది. పోయినదాన్ని ఏదో రూపంలో తిరిగి ఇవ్వాల్సిందే. ఎంత ఇవ్వాలో భూసార పరీక్ష చెబుతుంది. ఆ కార్డులో సేంద్రియ కర్బనం అనే గడి ముందు చూడండి. 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.5 నుంచి 0.75 దాకా మధ్యస్థం, ఆపైన ఎక్కువ. ఇది పెరిగేకొద్దీ వేసిన ఎరువు నిలుస్తుంది, తడి నిలుస్తుంది. ఇది ఒక్క ఏడాదిలో పెరిగేది కాదు. కాల్చడం మాని, కప్పడం మొదలుపెడితే నాలుగైదేళ్ళలో తేడా కనబడుతుంది.

ఇంటి దగ్గర రెండు పరీక్షలు

అడవి మట్టిని తవ్వి తేకూడదు, జాతీయ పార్కులో అది నేరం. అవసరం కూడా లేదు. మీ గట్టు మీద చాలా ఏళ్ళుగా ఉన్న చింతో, కానుగో ఉంటే దాని కింద నేల ఒక బుల్లి అడవి లాంటిదే.

మొదటి పరీక్ష: ఆ చెట్టు కింద నుంచి నిమ్మకాయంత మట్టిగడ్డ ఒకటి, చేను నడిమి నుంచి ఒకటి తీసుకోండి. నీడలో బాగా ఆరబెట్టండి. రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒక్కోదాన్ని జాలీ మీద పెట్టి నీళ్ళలో మునిగేలా ఉంచండి. చేను గడ్డ చూస్తుండగానే విడిపోయి నీళ్ళు బురదగా మారితే, వానకు మీ చేలో జరుగుతున్నది అదే. చెట్టు కింద గడ్డ ఎక్కువసేపు నిలిస్తే, దాన్ని పట్టి ఉంచింది ఆకు ఎరువు, వేరు జిగురు, బూజు దారాలు.

రెండో పరీక్ష: అడుగు తీసేసిన పాత నూనె డబ్బాను నేలలోకి రెండంగుళాలు దించండి. లోపల నేల నుంచి అంగుళం ఎత్తున మేకుతో గీత గీయండి. గీతదాకా నీళ్ళు పోసి, ఎన్ని నిమిషాల్లో ఇంకాయో గడియారం చూసి రాసుకోండి. ఇంకాక అదే చోట రెండోసారి పోసి చూడండి. చెట్టు కింద ఒకసారి, చేలో ఒకసారి చేయండి. ఈ రెండు అంకెలనూ గోడమీద రాసిపెట్టుకోండి. మూడేళ్ళ తర్వాత మళ్ళీ చేసి పోల్చుకోండి. హైస్కూలు పిల్లలున్న ఇంట్లో ఈ పని వాళ్ళకు అప్పజెప్పండి.

అడవి పోతే ఎవరికి నష్టం?

2014 మార్చిలో శేషాచలం కొండల్లో పెద్ద మంటలు రేగాయి. ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. మంటలో పెద్ద మానులు చాలావరకు తట్టుకుంటాయి. కాలిపోయేది ఆకుల దుప్పటి, చిన్న మొక్కలు. అంటే మొదటి పాఠం, రెండో పాఠం రెండూ కాలిపోతాయి. తర్వాత వచ్చే వానకు బూడిద, మట్టి కలిసి కింద చెరువుల్లో చేరతాయి. చెరువు పూడుతుంది, కొండ ఊట తగ్గుతుంది. బోరు ఇంకో వంద అడుగులు దించాల్సి వచ్చేది కింది ఊళ్ళ రైతుకే.

అడవి ఉంటే వరదే రాదనుకోవడం కూడా తప్పే. 2021 నవంబరులో ఈ కొండల చుట్టూ కురిసిన కుండపోతకు తిరుమల ఘాట్ రోడ్డు దెబ్బతింది. కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. అంత వానను ఏ అడవీ పూర్తిగా తాగలేదు. చెట్లు కూడా తమ వాటా నీళ్ళు వాడుకుంటాయి. కానీ మామూలు వానను నేలలోకి దించడం, మట్టిని కదలకుండా పట్టడం అడవి చేసినంత బాగా ఏ చెక్‌డ్యామూ చేయలేదు.

కొండ వారన రైతులకు అడవితో చిక్కులు కూడా ఉన్నాయి. అడవిపందులు వేరుశనగ తవ్వేస్తాయి. జింకలు కంది మేస్తాయి. ఆ కోపంతో కరెంటు తీగలు కట్టడం నేరం, ప్రమాదం కూడా. మనుషులూ పశువులూ పోయిన సంఘటనలున్నాయి. పంట నష్టం జరిగితే వెంటనే ఫోటోలు తీసి అటవీ, రెవెన్యూ అధికారులకు అర్జీ పెట్టి పరిహారం అడగాలి. కోత తర్వాత చేలో మోళ్ళు కాల్చేవాళ్ళు కొండ వైపు గాలి ఉన్నప్పుడు నిప్పు పెట్టవద్దు. అసలు పెట్టకపోతే ఇంకా మంచిది.

నడిచేవారికి సూచనలు

- అక్టోబరు నుంచి జనవరి దాకా నీళ్ళు, పచ్చదనం బాగుంటాయి. ఆకు రాల్పు చూడాలంటే ఫిబ్రవరి, మార్చి మంచివి. ఎండాకాలంలో మంటల వల్ల, తుపాను రోజుల్లో వరద వల్ల దారి మూసే అవకాశం ఉంది. బయల్దేరే ముందు కనుక్కోండి.
- పొద్దున్నే చేరుకుని మధ్యాహ్నానికి తిరిగి రండి. ప్రవేశ రుసుము, వేళలు చెక్‌పోస్టు దగ్గర అడగండి.
- దారి వదిలి లోపలికి పోవద్దు. పాములు, తేనెపట్లు ఉంటాయి. అత్తరు, సెంటు పూసుకుని పోవద్దు, పట్టు కింద పొగ పెట్టవద్దు.
- తడి రాళ్ళు జారతాయి. చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేసుకోండి. జలపాతం అంచులు ఎక్కవద్దు, లోతు తెలియని గుండాల్లో దిగవద్దు.
- పెద్దవాళ్ళకు చేతికర్ర, తాగునీళ్ళు, రోజూ వేసుకునే మందులు వెంట ఉండాలి.
- బీడీ, అగ్గిపెట్టె, మందు సీసాలు, ప్లాస్టిక్ సంచులు వద్దు. కోతులకు తిండి పెట్టవద్దు.
- ఆకు, గింజ, కాయ, రాయి ఏదీ తేవద్దు. నోటుపుస్తకం, పెన్సిలు తీసుకుపోండి.

రైతు మిత్ర బృందాలు, పాల సంఘాలు, హైస్కూళ్ళు ఏడాదికోసారి పదిమందీ కలిసి పోయి రావచ్చు. తిరిగి వచ్చాక ప్రతి ఒక్కరూ తమ చేలో పది సెంట్లు ఎంచుకుని, ఈ ఏడాది ఆ చెక్కలో ఆకు కాల్చకుండా, నేల ఖాళీగా ఉంచకుండా చూడండి. మిగతా చేను మీ పద్ధతిలోనే చేసుకోండి. బెట్ట వచ్చినప్పుడు ఏ చెక్క ముందు వాడిందో, ఎన్ని రోజులు తేడా ఉందో రాసి పెట్టుకోండి. ఆ లెక్క చూసుకున్నాక ఎకరమంతా మార్చాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవచ్చు.